హార్లెం వార్డుల్లో సుబ్బారావుగారి మందులు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారిని తలుచుకునేటప్పుడు మనం భీమవరంలో మొదలుపెట్టి, మద్రాసు మెడికల్ కాలేజీ మీదుగా హార్వర్డ్ చేరి, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో ఆగిపోతాం. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు కనుక మన కథ కూడా అక్కడితో ఆగుతుంది. ఆయన మందుల కథ మాత్రం ఆగలేదు. ప్రయోగశాలలో తయారైన మందును ఎవరో ఒక డాక్టరు చేతిలోకి తీసుకోవాలి. రోగి మంచం పక్కన కూర్చుని ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో, ఏ మోతాదు దగ్గర మందు విషమవుతుందో తేల్చాలి. లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. దాన్ని మొట్టమొదట మనుషుల మీద పరీక్షించిన బృందానికి పెద్ద హార్లెం ఆసుపత్రి సర్జన్ లూయిస్ టాంప్కిన్స్ రైట్. అదే లెడర్లీలో పుట్టిన ఫోలిక్ ఆమ్ల విరోధి మందులను, అంటే ఇవాళ మనం మెథోట్రెక్సేట్ అంటున్న మందునూ దాని సోదర మందులనూ, పెద్దవాళ్ల క్యాన్సర్ గడ్డల మీద పట్టుదలగా పరీక్షించిన వాళ్లలో ముందు వరసలో నిలిచింది ఆయన కూతురు జేన్ రైట్.

తండ్రీకూతుళ్లిద్దరూ నల్లజాతి అమెరికన్లు. డగ్గర్ పేరు, పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈ మందులు వాడిన సిడ్నీ ఫార్బర్ పేరు మన పుస్తకాల్లో కనిపిస్తాయి. రైట్‌ల పేరు కనిపించదు. అందుకే ఈ ఉపన్యాసానికి వాళ్లను ఎంచుకున్నాను.

నల్లజాతి వైద్యుల గురించి మాట్లాడినప్పుడల్లా మొదటి నల్ల డాక్టరు, మొదటి నల్ల ప్రొఫెసరు, మొదటి నల్ల సర్జను అంటూ ఒక పట్టిక చదవడం ఆనవాయితీ అయింది. ఆ పట్టిక గౌరవం కోసమే చదువుతారు, కానీ దానివల్ల అసలు సంగతి మరుగున పడుతుంది. ఎవరినైతే బయట నిలబెట్టారో వాళ్ల ఒంటి గురించి వైద్యశాస్త్రం కొన్ని తప్పులు నమ్మింది. వాళ్లు లోపలికి వచ్చాక ఆ తప్పులు బయటపడ్డాయి. వివక్ష రోగికి చేసిన హాని మనకు తెలుసు. శాస్త్రానికి చేసిన హాని కూడా అంత పెద్దదే. నేను ఇవాళ చెప్పదలిచింది ఇదే.

లూయిస్ రైట్ 1891లో జార్జియా రాష్ట్రంలోని లాగ్రాంజ్‌లో పుట్టాడు. తండ్రి బానిసత్వంలో పుట్టినవాడు. విముక్తి తరువాత మెహారీ మెడికల్ కాలేజీలో చదివి డాక్టరయ్యాడు, తరువాత మతబోధకుడయ్యాడు, కొడుకు పసివాడుగా ఉండగానే పోయాడు. మారుతండ్రి విలియం పెన్ యేల్‌లో చదివిన వైద్యుడు. 1906లో అట్లాంటాలో తెల్లవాళ్ల గుంపులు నల్లవాళ్ల మీద పడి చంపుతున్నప్పుడు, పదిహేనేళ్ల లూయిస్ తుపాకీ పట్టుకుని ఇంటి కిటికీ దగ్గర కాపలా కాశాడు.

అట్లాంటాలో క్లార్క్ యూనివర్సిటీ చదువు పూర్తిచేసి హార్వర్డ్ మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. మసాచుసెట్స్‌లోనూ క్లార్క్ యూనివర్సిటీ ఉంది. అక్కడి తెల్లవాళ్ల విద్యార్థే వస్తున్నాడనుకున్నారు. తీరా మనిషిని చూశాక పరీక్షించమని రసాయనశాస్త్ర ఆచార్యుడు ఒట్టో ఫోలిన్ దగ్గరికి పంపారు. ఫోలిన్ వరసగా ప్రశ్నలు వేశాడు, రైట్ వరసగా జవాబులు చెప్పాడు, సీటు వచ్చింది. సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరాక పనిచేసింది కూడా ఈ ఫోలిన్ విభాగంలోనే. అక్కడే సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. రైట్, సుబ్బారావుగారు ఒకరినొకరు చూసి ఉండరు, మధ్యలో దాదాపు పదేళ్ల తేడా ఉంది. అయినా ఆ గది గుమ్మం ఇద్దరూ దాటారు.

ప్రసూతి శిక్షణకు వెళ్లేసరికి, తెల్లవాళ్ల కాన్పులు నువ్వు చూడకూడదు, ఒక నల్లజాతి డాక్టరు దగ్గర విడిగా నేర్చుకో అన్నారు. అందరిలాగే నేనూ ఫీజు కట్టాను, అందరితోపాటే నేర్చుకుంటానని రైట్ భీష్మించాడు. తోటి విద్యార్థులు అతని పక్షాన నిలిచారు. ఆ ఆచారం పోయింది. 1915లో తరగతిలో నాలుగోవాడుగా పట్టా పుచ్చుకున్నాడు. అయినా బోస్టన్ పెద్దాసుపత్రులేవీ ఇంటర్న్‌గా తీసుకోలేదు. వాషింగ్టన్‌లో, విముక్తి పొందిన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రికి వెళ్లాడు.

ఆ రోజుల్లో డిఫ్తీరియాకు నిరోధక శక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి షిక్ పరీక్ష చేసేవారు. డిఫ్తీరియా విషాన్ని చాలా కొద్దిగా ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు. రక్షణ లేనివాళ్లకు అక్కడ ఎర్రబడుతుంది. నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు కాబట్టి ఈ పరీక్ష నల్లవాళ్లకు పనికిరాదని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఇరవయ్యారేళ్లు నిండని రైట్ ఆ మాటను పరీక్షకు పెట్టాడు. ఫ్రీడ్‌మెన్స్‌లో నల్లవాళ్లకే షిక్ పరీక్ష చేసి, ఆ మార్పు నల్లటి చర్మం మీద కూడా స్పష్టంగా గుర్తించవచ్చని నిరూపించి, 1917లో ప్రచురించాడు. చర్మంలో లోపం లేదు, అంతవరకు ఎవరూ సరిగ్గా చూడలేదంతే.

నన్ను బాగా కలవరపెట్టే విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. రైట్ చేసిన ఆ పని తరువాత వందేళ్లకు, 2020 డిసెంబరులో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పల్స్ ఆక్సిమీటర్ గురించి ఒక అధ్యయనం ప్రచురించింది. వేలికి తగిలించే ఆ పరికరం 92 నుంచి 96 శాతం ఆక్సిజన్ చూపిస్తున్నప్పుడు ధమని రక్తం తీసి పరీక్షిస్తే, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం సందర్భాల్లో అసలు ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువ ఉంది. తెల్లవాళ్లలో అది 3.6 శాతం. కాంతి చర్మంలో నుంచి వెళ్లి కొలిచే పరికరాన్ని అన్ని రంగుల చర్మాల మీద సమానంగా సరిచూడకపోతే వచ్చే ఫలితం ఇది. కోవిడ్ రెండో ఉధృతిలో మన ఊళ్లలో ఇంటింటా ఆ పరికరమే. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది ఆ అంకె చూసే తేల్చుకున్నాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో రైట్ సైన్యంలో వైద్యుడుగా చేరి, ఫ్రాన్స్‌లో విషవాయువుకు గురయ్యాడు. ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ జీవితాంతం ఉండిపోయింది. 1919లో హార్లెం ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో అతి చిన్న ఉద్యోగంలో చేరాడు. హార్లెం అప్పటికే నల్లవాళ్ల పేట. అయినా న్యూయార్క్ నగర ఆసుపత్రుల్లో ఎక్కడా ఒక్క నల్లజాతి డాక్టరు లేడు. ఆయన చేరగానే కొందరు తెల్లజాతి వైద్యులు రాజీనామా ఇచ్చారు. ఆయన్ని నియమించిన అధికారిని అక్కడి నుంచి మార్చేశారు.

1930 ప్రాంతంలో జరిగిన వాదన మీద కొంచెంసేపు నిలబడాలి. నల్లవారి విద్యకు, ఆరోగ్యానికి ఎంతో డబ్బు ఇచ్చిన రోజెన్‌వాల్డ్ నిధి, న్యూయార్క్‌లో నల్లవారి కోసం ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కట్టాలని ప్రతిపాదించింది. ఇచ్చేవాళ్లది సద్బుద్ధే. చాలామంది నల్లజాతి వైద్యులకు అందులో ఉద్యోగాలు వచ్చేవి. రైట్, ఆయన సహచరులు గట్టిగా కాదన్నారు. సమాన అవకాశం కావాలి, అంతకంటే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అంటూ ఒక కరపత్రమే అచ్చువేశారు. విడిగా కట్టిన ఆసుపత్రికి విడి బడ్జెట్ వస్తుంది, అది ఎప్పుడూ చిన్నదే అవుతుంది, అక్కడ పనిచేసే డాక్టర్లను బయటి లోకం రెండో తరగతి వాళ్లుగానే చూస్తుంది. ఇది రైట్ లెక్క. అదే సమయంలో హార్లెం ఆసుపత్రిని పునర్వ్యవస్థీకరించినప్పుడు అర్హత లేని తెల్లవాళ్లతోపాటు అర్హత లేని నల్లజాతి వైద్యులనూ ఉంచవద్దని పట్టుబట్టాడు. సొంత జనంలోనే శత్రువుల్ని తెచ్చుకున్నాడు.

రైట్ చెప్పింది న్యాయం. కానీ నలభై ఏళ్ల ముందు, 1891లో, చికాగోలో డేనియల్ హేల్ విలియమ్స్ ప్రావిడెంట్ ఆసుపత్రి పెట్టింది వేరే దారి లేకనే. ఒక నల్లజాతి యువతిని చికాగో నర్సింగ్ స్కూళ్లేవీ చేర్చుకోలేదు. రెండేళ్ల తరువాత ఆ ఆసుపత్రిలోనే విలియమ్స్, ఛాతీలో కత్తిపోటు తగిలిన మనిషి గుండె చుట్టూ ఉన్న పొరను కుట్టి బతికించాడు. నల్లవారి సంస్థలు లేకపోతే నల్లజాతి వైద్యులే లేరు. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా మెడికల్ కాలేజీలన్నీ తిరిగి రాసిన నివేదికలో, నల్లవాళ్ల కాలేజీలు ఏడింటిలో హోవార్డ్, మెహారీ రెండే నిలబెట్టదగినవన్నాడు. నల్లవాళ్ల జబ్బులు తెల్లవాళ్లకు అంటుకుంటాయి కాబట్టి నల్లజాతి డాక్టర్లు అవసరమని కూడా రాశాడు. మిగతా అయిదు కాలేజీలు మూతపడ్డాయి. అవి నిలిచి ఉంటే 35,000 మందికి పైగా డాక్టర్లు బయటికి వచ్చేవారని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇవాళ్టికీ అమెరికా జనాభాలో నల్లవాళ్ల వాటాలో సగం కూడా డాక్టర్లలో లేదు. విడి కాలేజీ వద్దనడానికి ముందు అందరి కాలేజీలోకి దారి ఉండాలి. రైట్ తండ్రి మెహారీ వాడు, రైట్‌కు ఇంటర్న్‌షిప్ ఇచ్చింది ఫ్రీడ్‌మెన్స్. ఈ వైరుధ్యం ఆయనకు తెలియనిది కాదు. అందుకే 1935 నుంచి చనిపోయేదాకా జాతీయ నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ బోర్డుకు అధ్యక్షుడుగా ఉండి, తలుపులు తెరిపించే పని కూడా తలకెత్తుకున్నాడు.

ఇదే కాలపు మరో నల్లజాతి వైద్యుడు చార్లెస్ డ్రూ పేరు మీలో చాలామంది విని ఉంటారు. ప్లాస్మాను నిలవచేసే పద్ధతులను స్థిరపరిచి, 1940లో బ్రిటన్‌కు ప్లాస్మా పంపే పథకాన్ని నడిపిన మనిషి. అమెరికా రెడ్‌క్రాస్ మొదట నల్లవాళ్ల రక్తమే వద్దంది, తరువాత తీసుకుని విడిగా సీసాల్లో పెట్టింది. రక్తానికి జాతి లేదని డ్రూ ఎంత చెప్పినా ఆ పద్ధతి 1950 దాకా సాగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆయన కారు ప్రమాదంలో పోయాడు. తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోకపోవడం వల్ల పోయాడన్న కథ విస్తారంగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు, అక్కడి డాక్టర్లు బతికించడానికి చేయగలిగింది చేశారు.

ఇక 1948కి వద్దాం. హార్లెం ఆసుపత్రిలో రైట్ అప్పటికి సర్జరీ విభాగానికి అధిపతి. ఆరియోమైసిన్‌ను ఆయన బృందం మొదట లింఫోగ్రాన్యులోమా అనే సుఖవ్యాధి ముదిరి బాధపడుతున్న రోగులకు ఇచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని రోగం. పేదలకు వచ్చేది, ఎవరికీ చెప్పుకోలేనిది. గడ్డలు తగ్గాయి, పుండ్లు మానాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు మనిషి మీద పనిచేస్తుందని ప్రపంచానికి అలా తెలిసింది.

సరిగ్గా ఆ కాలంలోనే అలబామాలోని టస్కీగీ దగ్గర ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను వైద్యం లేకుండా వదిలేసి, రోగం ఎలా ముదురుతుందో రాసుకుంటోంది. 1932లో మొదలైన ఆ పని, పెన్సిలిన్ వచ్చాక కూడా, 1972 దాకా ఆగలేదు. అక్కడ నల్లజాతి నర్సు ఉంది, సహకరించిన నల్లజాతి వైద్యులున్నారు. కనుక డాక్టరు చర్మం రంగు ఒక్కటే రోగికి రక్ష కాదు. హార్లెంలో నిర్ణయం తీసుకునేవాడు ఆ పేటకు జవాబు చెప్పాల్సిన మనిషి, వాళ్ల హక్కుల సంఘానికి నాయకుడు. టస్కీగీలో నిర్ణయాలు జరిగింది ఆ రోగులకు కనిపించని ఆఫీసుల్లో. నా దృష్టిలో అసలు తేడా అది.

1948లోనే రైట్ హార్లెంలో క్యాన్సర్ పరిశోధనా సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది కూతురు జేన్ అందులో చేరింది. కీమోథెరపీ అప్పుడు చాలామంది డాక్టర్లకు నమ్మకం లేని వ్యవహారం. క్యాన్సర్ అంటే కోత లేదా రేడియేషన్, రెండూ కాకపోతే ఇంటికి పంపడం. ఫార్బర్ సుబ్బారావుగారి మందులతో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అణచగలిగాడు, గట్టి గడ్డల సంగతి ఇంకా తేలలేదు. జేన్, ఆమె చెల్లెలు బార్బరా, తండ్రి, సహచరులు కలిసి ఆశ వదులుకున్న 93 మంది పెద్దవాళ్లకు ఫోలిక్ ఆమ్ల విరోధి మందులు ఇచ్చి చూశారు. రొమ్ము క్యాన్సర్ గడ్డలు కొందరిలో కరిగాయి. 1951లో ఈ ఫలితాలను ప్రచురించింది నేషనల్ మెడికల్ అసోసియేషన్ పత్రిక. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తమను రానివ్వలేదు కాబట్టి నల్లజాతి వైద్యులు 1895లో పెట్టుకున్న సంఘం అది. ఆ పెద్ద సంఘం తన పాత వివక్షకు క్షమాపణ చెప్పింది 2008లో.

1952లో తండ్రి పోయాక జేన్ ఆ సంస్థ బాధ్యత తీసుకుంది. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు. ఆమె పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. రోగి గడ్డలోంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు అది లొంగుతుందో ముందు అక్కడ చూసేది. ఇద్దరికి ఒకే పేరు గల క్యాన్సర్ ఉన్నంత మాత్రాన ఒకే మందు పనిచేయదని అప్పుడే పట్టుకుంది. ఇవాళ కార్పొరేట్ ఆసుపత్రులు లక్షలు తీసుకుని చేస్తున్న వ్యక్తిగత చికిత్స ఆలోచన అప్పట్లో పేదల ఆసుపత్రిలో సాగింది. 1964లో అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సంఘాన్ని ఏడుగురు స్థాపించారు. వారిలో స్త్రీ ఆమె ఒక్కతే. 2013లో, 93 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది.

లూయిస్ రైట్ ఆశించిన తలుపులు ఆయన పోయాక తెరుచుకున్నాయి. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. పంటి చీముతో జ్వరం వచ్చిన రోగిని చేర్పించబోతే, ప్రభుత్వ సొమ్ముతో కట్టిన ఆసుపత్రి నల్లవాడు కాబట్టి వీల్లేదంది. ఆ సొమ్మిచ్చిన 1946 నాటి చట్టం విడిగా అయినా సమానంగా ఉంటే చాలని అనుమతించింది. సిమ్‌కిన్స్, మరికొందరు డాక్టర్లు, రోగులు కోర్టుకెళ్లి 1963లో గెలిచారు. మరుసటి ఏడాది పౌరహక్కుల చట్టం వచ్చింది. 1966 జూలైలో వృద్ధులకు మెడికేర్ మొదలుపెట్టినప్పుడు, వివక్ష చూపే ఆసుపత్రికి డబ్బు రాదన్నారు. కొద్ది నెలల్లోనే దాదాపు వెయ్యి ఆసుపత్రులు వార్డుల మధ్య గీతలు చెరిపేశాయి. ఏళ్ల తరబడి నీతి చెప్పినా కదలనివి బిల్లు చెల్లింపు ఆగుతుందనగానే కదిలాయి. ఇమ్మిగ్రేషన్ చట్టం మారింది కూడా 1965లోనే, అదే పోరాటాల వేడిలో. ఆ తరువాత గుంటూరు, విశాఖ, ఉస్మానియా కాలేజీల నుంచి అమెరికా వెళ్లిన మన డాక్టర్లు అడుగుపెట్టింది ఆ పోరాటం తెరిపించిన ఆసుపత్రుల్లోకే. అక్కడున్న మన పిల్లలకు ఈ సంగతి మనమే చెప్పాలి.

శాస్త్రంలోని తప్పులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో నల్లవాళ్లకు అంకె పెంచి చూపే గుణకం ఒకటి ఉండేది. దాంతో వాళ్ల కిడ్నీ నిజానికంటే బాగున్నట్టు తేలేది, మార్పిడి జాబితాలో పేరు ఆలస్యంగా ఎక్కేది. వనెస్సా గ్రబ్స్ వంటి నల్లజాతి కిడ్నీ వైద్యులు, వైద్య విద్యార్థులు దాన్ని ప్రశ్నిస్తూ వచ్చారు. 2021లో ఆ గుణకం పోయింది. 2023 నుంచి వేలమంది నల్లజాతి రోగులకు నష్టపోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి కలిపారు.

చివరగా నల్లజాతి వైద్యురాలు మెరిలిన్ గ్యాస్టన్. 1964లో ఫిలడెల్ఫియాలో ఇంటర్న్‌గా ఉండగా, చెయ్యి వాచిన పసిబిడ్డను తీసుకొచ్చారు. కారణం అంతుబట్టలేదు. సికిల్ సెల్ అనే రక్తవ్యాధికి పరీక్ష చేయమని పై డాక్టరు చెప్పాడు. అదే అయింది. ఆమె ఆ రోగం వెంట పడింది. ఆ పిల్లలకు ప్లీహం పనిచేయక న్యుమోనియా క్రిములు ఒక్కరోజులో ప్రాణం తీస్తాయి. ఆమె నాయకత్వంలో 215 మంది పసిపిల్లల మీద జరిగిన పరిశోధనలో, రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే ఆ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో గడువుకు ఎనిమిది నెలల ముందే ఆపి, 1986లో ప్రచురించారు. పుట్టగానే పరీక్షించి నాలుగో నెలలోపే మందు మొదలుపెట్టాలని చెప్పారు. అమెరికాలో నవజాత శిశువులందరికీ ఈ పరీక్ష విస్తరించడానికి అదే పునాది.

ఆ రోగం మన ఆదిలాబాద్ గోండుల్లో ఉంది, కోయ గూడేల్లో ఉంది. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు 7 కోట్లమందిని పరీక్షించాలని, 2047కి రోగాన్ని నిర్మూలించాలని లక్ష్యం. పరీక్షలు జరగడం మంచిదే. పెద్దవాళ్ల చేతిలో పరీక్ష ఫలితం రాసిన కార్డు పెట్టడంతో పని సగమే అవుతుంది. గ్యాస్టన్ చూపించింది పసిబిడ్డ సంగతి. ఏజెన్సీ ఆసుపత్రిలో కాన్పు అయిన రోజే మడమ నుంచి రక్తపు చుక్క తీయాలి, నాలుగు నెలలు నిండేలోపు ఆ గూడేనికి పెన్సిలిన్ చేరాలి, అది నెలనెలా ఆగకుండా చేరాలి.

పరీక్షకు జనం ఒప్పుకోవడం ఎవరు అడుగుతున్నారన్న దాని మీద కూడా ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో సుమారు 1,300 మంది నల్లజాతి పురుషులతో ఒక ప్రయోగం చేశారు. నల్లజాతి డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు వాళ్లు ఎక్కువ మాట్లాడారు, మధుమేహం, కొలెస్ట్రాల్ పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. మన ఏజెన్సీ తల్లులు ఎవరితో మాట్లాడతారో మీరే ఆలోచించండి. ఈ హాల్లో గోండి, కోయ మాట్లాడే విద్యార్థులు ఉంటే వాళ్లకు నా విన్నపం ఒకటే. పీజీ ఎంచుకునేటప్పుడు పీడియాట్రిక్స్ గురించి, రక్తవ్యాధుల గురించి ఆలోచించండి. మీరు చదువుకుని తిరిగి వెళ్లడానికి స్కాలర్‌షిప్పు, అక్కడ పనిచేయడానికి ప్రయోగశాల, ఉండడానికి ఇల్లు ఇమ్మని ప్రభుత్వాన్ని అడిగే పని మాలాంటి పెద్దవాళ్లది.